సత్యవేణి టీచర్ మీద ఇతర ఫిర్యాదు

జీడిపాలెం,
జూలై 4.

నర్సీపట్నంలోని విన్నపాల విభాగం అధికారి గారికి,

జీడిపాలెం బడి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ కొండబాబు నమస్కారాలతో రాసుకునేది. ఇక్కడ మేమూ, మా చెరకూ క్షేమం. అక్కడ మీరూ, మీ ఫైళ్లూ క్షేమమని తలుస్తాను.

నేను జీడితోట, కాస్త చెరకు ఉన్న రైతుని. ఆఫీసులకి రాసే అలవాటు లేదు. కానీ రాయక తప్పలేదు. మా బళ్లో ఐదు తరగతులు, టీచరు మాత్రం ఒక్కరే. పేరు సత్యవేణి గారు. ఈ వారం నుంచి ఆవిడ భుజానికి నల్లగుడ్డ ముక్క పెట్టుకుని పాఠం చెబుతున్నారు. ఏమిటని అడిగితే, ‘‘పంతుళ్లందరం పెట్టుకుంటున్నామండీ. జీతాలు సవరించి చాన్నాళ్లయింది, బకాయిలు రాలేదు, చదువు చెప్పడం కంటే ఫోటోలు తీసి పంపడమే పెద్ద పనైపోయింది’’ అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఆవిడ అనరు గనక నేను అంటున్నాను.

పొద్దున్న రాగానే ఆవిడ వాటర్ ట్యాంకు మెట్లెక్కుతారు. హాజరు పడాలంటే ఫోనుకి మొహం చూపించాలి కదా, మా ఊళ్లో సిగ్నలు అక్కడే తగులుతుంది. దిగి మరుగుదొడ్డి ఫోటో, గుడ్ల ఫోటో, బియ్యం ఫోటో తీస్తారు. అవి పంపడానికి మళ్లీ ఎక్కుతారు. అప్పుడు ఐదు తరగతులకీ పాఠం. ఇన్ని పాట్లలోనూ మా అమ్మాయి రోజారమణికి చదువు ఎలా వచ్చిందో నాకు ఆశ్చర్యమే. మూడో తరగతి, పేపరు గడగడా చదివేస్తోంది, తప్పిపోయిన వాళ్ల ప్రకటనలతో సహా.

కాబట్టి ఆవిడ జీతం పెంచండి, బకాయిలు ఇచ్చేయండి, ఫోటోలు తగ్గించండి, ఇంకో టీచర్ని వేయండి. పంతుళ్ల కోరికే మా ఊరి కోరిక.

ఇట్లు,
కొండబాబు

తా.క. తోడుగా ఉందామని నేనూ చొక్కాకి నల్లగుడ్డ పెట్టుకుని నర్సీపట్నం వెళ్లాను. మార్కెట్ పొడుగునా ‘‘ఎవులు పోనారు బావా?’’ అని పలకరింపులే. ఒకాయన ఓదార్చి, అరడజను అరటిపళ్లు చేతిలో పెట్టాడు. తిరిగి ఇవ్వబోతే ఏడ్చాడు. ఇంటికొచ్చి అందరం తినేశాం.

●

విన్నపాల విభాగం,
నర్సీపట్నం.

శ్రీ కొండబాబు గారికి,

విషయం: శ్రీమతి సత్యవేణి, ఉపాధ్యాయురాలు, జీడిపాలెం – ఫిర్యాదు – గురించి.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, సదరు ఉపాధ్యాయురాలిపై తమరు చేసిన ఫిర్యాదు అందినది. పనివేళల్లో పిల్లలను విడిచి వాటర్ ట్యాంకు ఎక్కుట, అదియును రోజుకు ఒకటికి మించిన పర్యాయములు ఎక్కుట తీవ్రముగా పరిగణించి, ఆమెను సంజాయిషీ కోరుతూ మెమో పంపడమైనది. అప్రమత్తత చూపినందుకు తమరికి అభినందనలు.

ఇట్లు,
విభాగం బాధ్యులు

తా.క. ఇది టైపులో లేదు, నా చేతిరాత. మీది మెచ్చుకోలు అని నాకు అర్థమైందండీ. కానీ కంప్యూటర్లో మెచ్చుకోలుకి గడి లేదు. ఉన్నవి మూడు: ఫిర్యాదు, తీవ్ర ఫిర్యాదు, ఇతర ఫిర్యాదు. మూడింట్లో మెత్తనిది చూసి ఇతరలో వేశాను.

●

జీడిపాలెం,
జూలై 15.

బాధ్యులు గారికి,

కొండబాబు రాయునది. మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

నిన్న సత్యవేణి గారు ఆ మెమో పట్టుకుని మా ఇంటికే వచ్చారు. కమిటీ చైర్మన్ని కదా, నాకు కాక ఎవరికి చెప్పుకుంటారు. ‘‘ఊళ్లో ఎవరో నా మీద రాశారండీ. నేను ఎవరికేం అపకారం చేశానో తెలీడం లేదు’’ అన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను ఆకాశం వైపు చూశాను. నా భార్య అచ్చియమ్మ నా వైపు చూసింది. ఆవిడ వెళ్లాక, ‘‘నువ్వు సేసిన మేలు సాల్లే. ఇంక కలం ముట్టుకున్నావంటే సెయ్యి ఇరగ్గొడతాను’’ అంది. అందుకని ఇది జీడిపిక్కల పాకలో కూర్చుని రాస్తున్నాను.

అయ్యా, సరిగ్గా వినండి. ఆవిడ మంచి మనిషి. చాక్‌పీసులు అయిపోతే సొంత డబ్బుతో కొంటారు. బడి భోజనం వండే నూకరత్నానికి బిల్లు రాక గ్యాసు ఆగిపోతే, సిలిండరు ఆవిడే తెప్పించారు. వెనకబడ్డ పిల్లల కోసం ఆదివారం కూడా వస్తారు. ఎండన పడి వస్తారని మా ఇంటి నుంచి ఒక గ్లాసు మజ్జిగ పంపుతాం, అంతకు మించి ఎవరి దగ్గరా ఏమీ ముట్టరు. రెండో గది కారుతోంది గనక ఐదు తరగతులూ ఒకే గదిలో. ఆ గది గోడ మీద ఎవరో ఎప్పుడో గీసి వదిలేసిన ఏనుగు ఉంది, తోక లేదు. దానికి తోక ఎందుకు లేదని పిల్లలు అడిగితే, దాని మీద కూడా ఆవిడ ఒక పూట పాఠం చెప్పారు. ఇలాంటి మనిషికి జీతం పెంచమన్నాను గాని మెమో ఇమ్మనలేదు.

దయచేసి మెమో వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
కొండబాబు

తా.క. ఊళ్లో ‘టీచరమ్మ మీద రాసింది ఎవులు’ అని ఆరా మొదలైంది. ఆ మనిషిని పట్టుకోవడానికి ఒక కమిటీ వేశారు. దానికీ నేనే చైర్మన్ని.

●

విన్నపాల విభాగం,
నర్సీపట్నం.

శ్రీ కొండబాబు గారికి,

విషయం: శ్రీమతి సత్యవేణి – ఇతర ఫిర్యాదు – అదనపు ఆరోపణలు – గురించి.

తమరు సమర్పించిన అదనపు ఆధారములు పరిశీలించడమైనది. వాటి ప్రకారం సదరు ఉపాధ్యాయురాలు, అనుమతి లేకుండా సామగ్రి కొనుగోలు చేయుట, వంట గ్యాసు వ్యవహారములో జోక్యము, సెలవు దినమున పాఠశాల తెరచుట, మరియు గ్రామస్థుల నుండి మజ్జిగ స్వీకరించుట రుజువగుచున్నవి. విచారణకు ఆదేశించడమైనది.

ఇకపోతే, ఐదు తరగతులను ఒకే గదిలో ఒక్కరే బోధించుట ఎందువలననో బోధపడకున్నది. రికార్డు ప్రకారం తమ పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు పనిచేయుచున్నారు. రెండవ వారి జీతము ప్రతి నెల సక్రమముగా చెల్లించబడుచున్నది.

ఇట్లు,
విభాగం బాధ్యులు

తా.క. మజ్జిగ మాట ఎందుకు రాశారండీ. మా పైఆయన అక్కడే ఆగిపోయి ‘‘ఎన్ని గ్లాసులు?’’ అన్నారు. ఒకటే అని ఒప్పించేసరికి నా ప్రాణం పోయింది. ఏనుగు సంగతి మాత్రం నేను నమోదు చేయలేదు.

●

జీడిపాలెం,
జూలై 24.

బాధ్యులు గారికి,

కొండబాబు నమస్కారాలు. మీరు ఇద్దరు టీచర్లన్నారు. ఉత్తరం మాట దాచి, చైర్మన్‌గా కనుక్కున్నానని ఊళ్లో చెప్పాను. ఊరంతా కంగారుగా ఉంది.

అచ్చియమ్మకి మాత్రం ఉత్తరం సంగతి చెప్పక తప్పలేదు. ‘‘ఎవులా రెండో మనిషి? మనకి కనబడకండా పాఠం సెప్పీసి పోతన్నాడేటి?’’ అంది. ఆటో నడిపే మత్స్యలింగం, ‘‘రికార్డులో ఉన్నాడంటే ఉంతాడు బావా. మనవే సరిగ్గా ఎతకనేదు’’ అన్నాడు. సరేనని వెతికాం. బడి గదులు చూశాం, బియ్యం మూటల వెనక చూశాం. మా పక్కింటి రాజులమ్మ, సంచీ తగిలించుకుని రోజూ బడి వైపు వెళ్లే ఒక పెద్దమనిషిని చూశానంది. పట్టుకుని కూర్చోబెట్టి అడిగితే ఆయన కరెంటు మీటర్లు చూసే మనిషి. ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదని పాపం రెండు టీలు తాగి వెళ్లాడు.

చివరికి నూకరత్నానికి గుర్తొచ్చింది. సత్యవేణి గారు మా ఊరు రావడానికి వారం ముందు సంగతి. మూడేళ్ల కిందట ఒక కుర్ర మాస్టారు వచ్చి చేరాడట. ‘‘పొద్దున్నొచ్చినాడు, గోడ మీద ఏనుగు గియ్యడం మొదలెట్టినాడు. మజ్జాన్నం సాంబారు రెండుసార్లు ఏయించుకున్నాడు. ఇంతలో ఆఫీసు జీపొచ్చి, బేగి రావాలి, వారం రోజులు సాయం సెయ్యాలని ఎక్కించుకుపోనాది’’ అంది. ఆ వారం ఇంకా అవ్వలేదు కాబోలు. ఆ మాస్టారు పేరు ఎవరికీ గుర్తు లేదు.

బాధ్యులు గారూ, నాకు నిజంగా భయంగా ఉంది. విచారణ అన్న మాట వినగానే సత్యవేణి గారి భర్త బదిలీకి పెట్టేసుకోమంటున్నాడట. ఈ సంగతి పిల్లలకి తెలిసిపోయింది. మొన్న సాయంత్రం ఆవిడ చెప్పులు దాచేశారు. చెప్పులు లేకపోతే ఊరు దాటలేరని మా రోజారమణి ఆలోచన. ఆవిడ అచ్చియమ్మ చెప్పులేసుకుని బస్సెక్కారు. ఆ పిల్ల రాత్రంతా నిద్రపోలేదు, నేనూ పోలేదు. తప్పు నాది, శిక్ష వాళ్లకి. నా మీద ఏదైనా గడి ఉంటే అందులో నన్ను వేసేయండి.

ఇట్లు,
కొండబాబు

తా.క. చెప్పులు దొరికాయి. గుడ్ల ట్రే కింద పెట్టారు. మర్నాడు పంపిన గుడ్ల ఫోటోలో చెప్పులు కూడా పడ్డాయట. అది ఇంకో ఫిర్యాదు చేయకండి.

●

విన్నపాల విభాగం,
నర్సీపట్నం.

శ్రీ కొండబాబు గారికి,

విషయం: శ్రీమతి సత్యవేణి – విచారణ – బదిలీ ప్రతిపాదన – గురించి.

తమరు ఫిర్యాదు ఉపసంహరణ కోరియున్నారు. ఉపసంహరణకు గడి లేదు. విచారణ ముగిసిన పిమ్మట సదరు ఉపాధ్యాయురాలిని పరిపాలనా కారణములపై బదిలీ చేయుటకును, పాఠశాలలో బోధించువారు లేకుండుటచే పిల్లలను మెయిన్‌రోడ్డు అవతలి పెద్దబడిలో కలుపుటకును ప్రతిపాదించడమైనది. రెండవ ఉపాధ్యాయుడు శ్రీ వీరేంద్ర విధుల్లోనే ఉన్నారు.

గుడ్ల ఫోటోలో పాదరక్షలు కనిపించిన విషయమై వేరుగా వ్రాయబడును.

ఇట్లు,
విభాగం బాధ్యులు

తా.క. కొండబాబు గారూ, మీరు ఇంక టీచరు గారిని మెచ్చుకోవద్దు, మీకు దండం పెడతాను. ఒక దారి ఉంది. ఒక బడి మీద ఒకసారి ఒకటే విచారణ నడుస్తుంది. ‘ఇతర’ కంటే ‘తీవ్ర’ ముందు. ఆ వీరేంద్ర అనేవాడి మీద తీవ్ర ఫిర్యాదు రాయండి. బడిలో లేకుండా జీతం తీసుకుంటున్నాడు, ఒక్క టీచరు మూడేళ్లు ఇద్దరి పని చేసింది అని రాయండి. అది ముందుకొస్తే, టీచరు గారిది దాని కిందకి పోతుంది. ఆ మనిషి నాకు తెలుసు. మొహమాటపడకండి. ఎంత గట్టిగా రాస్తే అంత మంచిది.

●

జీడిపాలెం,
ఆగస్టు 3.

బాధ్యులు గారికి,

కొండబాబు రాయునది. ఇది తీవ్ర ఫిర్యాదు. పైన పెద్ద అక్షరాలతో కూడా రాశాను, గడి తప్పిపోకుండా.

ముఖం తెలియని మనిషిని తిట్టడం నాకు మొదట మనసొప్పలేదు. కానీ రోడ్డు మీద లారీలు గుర్తొచ్చాయి. క్వారీ లారీలు ఆగవు, మా పిల్లలు రోడ్డు దాటి బడికి వెళ్లాలంటే తల్లులెవరూ పంపరు. బడి ఆగిపోయినట్టే. అందుకని ఒప్పుకున్నాను. మొదలెట్టాక మాత్రం, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది.

ఆ వీరేంద్ర ఎవరో గాని, మా బడి పేరు మీద జీతం తీసుకుంటూ ఎక్కడో ఫ్యాను కింద కూర్చున్నాడు. మా పిల్లల చదువు సగం ఎగ్గొట్టాడు. ఈ మూడేళ్లూ అతని వంతు పాఠాలు సత్యవేణి గారే చెప్పారు, అతని వంతు ఫోటోలూ ఆవిడే తీశారు. ఒక్కరి జీతమే సరిగ్గా పెరగని చోట ఇద్దరి చాకిరీ. ఇల్లు కట్టమంటే గుమ్మం పెట్టి పోయిన మేస్త్రి కూడా నెలకోసారి వచ్చి టీ తాగిపోతాడు, ఇతనికి ఆ పాటి సిగ్గు కూడా లేదు. సగం ఏనుగు గీసి పోయాడు. తిన్న సాంబారుకైనా తోక పెట్టి పోవచ్చు కదా.

మా ఊరివాళ్లూ తలో మాట చేర్చమన్నారు. నూకరత్నం: ‘‘సాంబారు రెండుసార్లు కాదు, మూడుసార్లు. ఇప్పుడు గేపకవొచ్చింది.’’ అచ్చియమ్మ: ‘‘ఆడి ఫోనుకి జన్మలో సిగ్నలు తగలకుండా పోను.’’ మత్స్యలింగం మాట రాయడానికి వీలుకాదు.

ఇంకొక సంగతి. నిన్న సత్యవేణి గారికి అంతా చెప్పేశాను. ఆ ఉత్తరాలు రాసింది నేనేనని ఒప్పుకున్నాను. నకళ్లు కూడా ఇచ్చాను. ఆవిడ కూర్చుని అన్నీ చదివారు. మడతపెట్టి సంచీలో పెట్టుకున్నారు. తరవాత, ‘‘నా గురించి ఇంత మంచిగా ఎవరూ రాయలేదండీ. దయచేసి ఇంకెప్పుడూ రాయకండి’’ అన్నారు. నవ్వారో ఏడ్చారో నాకు తెలియలేదు.

బేగి ఏదో ఒకటి చేయండి. ఎదురుచూడ్డం నా వల్ల కావడం లేదు.

ఇట్లు,
కొండబాబు

తా.క. మా రోజారమణి ఒక్కతే ఆ వీరేంద్రని తిట్టలేదు. ‘‘ఆ మాస్టారు తప్పిపోయినారేటి నాన్నా? పేపర్లో ఎయ్యిద్దాం’’ అంది. ఎత్తు, రంగు తెలియక ఊరుకున్నాం.

●

నర్సీపట్నం,
ఆగస్టు 20.

కొండబాబు గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మొత్తం నా చేతిరాతే, టైపు లేదు.

మీ తీవ్ర ఫిర్యాదు గడిలో వేసిన మర్నాడే పైకి వెళ్లింది. పైఆయన చదివి, ‘‘ఎవరయ్యా ఈ వీరేంద్ర? మూడేళ్లు బడికి పోకుండా ఎక్కడున్నాడు? వెంటనే మెమో కొట్టు’’ అన్నారు. కొట్టాను. కొట్టిన మెమో నేనే తీసుకుని, అందినట్టు సంతకం పెట్టాను. సంజాయిషీ కూడా నేనే రాసి, టపాలో నాకే ఇచ్చుకుని, ముద్ర వేశాను. అప్పుడాయన తలెత్తి నన్ను చూశారు. ఇన్నేళ్లలో ఆయన నా మొహం సరిగ్గా చూసింది అప్పుడేనేమో.

ఆ వీరేంద్ర నేనేనండి.

మీ బళ్లో చేరిన రోజు మధ్యాహ్నం, టైపు వచ్చినవాడు కావాలి, ఒక్క వారం అని తీసుకొచ్చారు. ఆ వారం అయ్యాక అడిగాను. వచ్చే వారం అన్నారు. తరవాత అడగడం మానేశాను. అదే నా తప్పు. మీ మొదటి ఉత్తరంలో జీడిపాలెం అన్న పేరు చూసి నాకు చెమట పట్టింది. ‘ఇంకో టీచర్ని వేయండి’ అని మీరు అడిగింది నన్నే. ఒప్పుకోవడానికి ధైర్యం చాలక, అడుగున తా.క.లు రాస్తూ కూర్చున్నాను. నన్ను తిట్టమని మీకు చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది. మీరు మాత్రం అడిగినదాని కంటే ఎక్కువే ఇచ్చారు.

నేరం రుజువైంది. శిక్షగా నన్ను వెంటనే జీడిపాలెం బడికి పొమ్మన్నారు. ఇలాంటి శిక్ష కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. సత్యవేణి గారి విచారణ మూసేశారు, బదిలీ లేదు, బడి కదలదు. కాయితం మీద ఇప్పుడు ఒక ముక్క పడింది: ‘ఒక్క ఉపాధ్యాయురాలు మూడేళ్లు ఇద్దరి పని చేసినది.’ ఆ ముక్క నకలు తీసి పంతుళ్ల సంఘం వాళ్లకి ఇచ్చాను. జీతాల మాట, బకాయిల మాట పైనుంచి ఇంకా ఏమీ రాలేదు. సోమవారం నుంచి నేనూ నల్లగుడ్డ పెట్టుకుంటాను. వచ్చే నెల నర్సీపట్నంలో టెంటు వేస్తున్నారు. మీ ఊరివాళ్లు వచ్చి కూర్చుంటే మాకు కొండంత బలం. కూర్చుంటే చాలు, ఏమీ రాయనక్కర్లేదు.

నాకు భయంగానే ఉందండీ. పాఠం చెప్పి మూడేళ్లయింది. ‘పై విషయమై తెలియజేయునది ఏమనగా’ అని ఒకటో తరగతి పిల్లలతో అనేస్తానేమో. సత్యవేణి గారి మొహం ఎలా చూడాలో కూడా తెలియడం లేదు. చాక్‌పీసుల పెట్టె ఒకటి కొన్నాను. అది అనుమతి లేని కొనుగోలే.

అచ్చియమ్మ గారి శాపం తగిలింది. నా ఫోనుకి వారం నుంచి సిగ్నలు లేదు. ఎటూ ట్యాంకు ఎక్కాల్సినవాడినే గనక పరవాలేదు.

ఇట్లు,
మీ రెండో మాస్టారు,
వీరేంద్ర

తా.క. 1. సాంబారు రెండుసార్లే. మూడోసారి అడిగేలోగా జీపు వచ్చింది.

తా.క. 2. నా కుర్చీలోకి గొలుగొండ వైపు బడి నుంచి ఇంకో మాస్టారు వచ్చాడు, ఒక్క వారం సాయానికి. అతని ఊరి చైర్మన్ ఎవరో కనుక్కున్నాను. చిరునామా ఈ కవరులోనే పెట్టాను. ఎలా రాయాలో ఆయనకి మీరే నేర్పాలి. మెచ్చుకోవద్దని ముందే చెప్పండి.

తా.క. 3. రోజారమణికి చెప్పండి, పేపర్లో వేయనక్కర్లేదు, దొరికానని. ఏనుగు తోక మాత్రం తననే పెట్టమనండి. రోజూ దాన్ని చూసే పిల్లకి అదెక్కడ ఉండాలో నాకంటే బాగా తెలిసి ఉంటుంది.